మంచం ఏ ఊళ్ళో ఉంది

విల్లార్ద, మే 3, 1971

అన్నయ్యకి,

ఈ ఉత్తరం రొట్టెల జిరొమిన్ రొట్టెతో పాటు తెస్తాడు. ముందు ఉత్తరం చదువు, తరవాత రొట్టె తిను. కిందటిసారి రొట్టె తిని, ఉత్తరం పొయ్యి రాజేయడానికి వాడావని వాడే చెప్పాడు.

అక్టోబరు ఆఖర్న ప్రభుత్వం మనుషుల్ని లెక్కపెడుతుంది. పదేళ్ళకోసారి ఉండేదే. కాని ఈసారి దానికంటే ముందే పైనుంచి ఒక కాగితం వచ్చింది. వందమందికి తక్కువున్న ఊరికి ఇకమీద సొంత కచేరీ ఉండదట, పక్క ఊళ్ళో కలిపేస్తారట. మన పక్క ఊరేదో నీకు చెప్పక్కర్లేదు. నలభై ఏళ్ళుగా నువ్వు పడుకుంటున్నది అక్కడే.

నేను లెక్కపెట్టాను. పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ రాస్తూ కచేరీలో ఆ కిటికీ వెనక తల నెరిసిన దాన్ని, నా లెక్క తప్పదు. తొంభై తొమ్మిది.

మన ఇంపేరియా జిల్లా పటం ఎప్పుడైనా చూశావా? వెనక కొండ, ముందు సముద్రం, మధ్యలో వెడల్పన్నది లేదు. నిచ్చెన గోడకి ఆనించినట్టుంటుంది. ఒక్కో మెట్టు మీద ఒక్కో ఊరు. ఆ మెట్ల మీంచి జనం జారి జారి కింద ఒడ్డున పడుతున్నారు. అక్కడ అద్దాల గదుల్లో కార్నేషన్ పూలు పెంచుతారు, అంతస్తు మీద అంతస్తు కడతారు. పైన మనకి మిగిలినవి ఆలివ్ చెట్లూ, మోకాళ్ళ నొప్పులూ. ఈ ఊళ్ళో బిడ్డ పుట్టి తొమ్మిదేళ్ళయింది. గుళ్ళో బాప్తిస్మపు తొట్టిలో సాలీడు కాపురం పెట్టింది. దాన్ని లెక్కలో వేయొచ్చా అని ఫాదర్‌గారు నవ్వుతూ అడిగారు. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు పుట్టింది ఈ ఊళ్ళో. నీ ఇల్లు కొండ వెన్ను మీద ఉంది. నీ కప్పు ముందు వాలు మీద పడ్డ వాన మన వాగులోకి, వెనక వాలు మీద పడ్డది రొక్కనేర వాగులోకి పోతుంది. సరిహద్దు సరిగ్గా నడిమి దూలం కింద. వంటగది విల్లార్ద, పడకగది రొక్కనేర. మనిషి ఎక్కడ పడుకుంటే అక్కడివాడని చట్టం. ఎక్కడ తింటున్నాడో చట్టానికి పట్టదు.

మంచం వంటగదిలోకి జరుపు. ఒక్క గోడ దాటించాలి, అంతే. ఊరు నిలుస్తుంది.

నీ చెల్లెలు
కొలొంబా

*

మిట్ట ఇల్లు, మే 20

చెల్లీ,

ముందు ఉత్తరమే చదివాను. అందుకే రొట్టె గట్టిపడింది.

మంచం జరపడం కుదరదు. అది అక్రోటు చెక్క. నాన్న ఆ గదిలోనే కూర్చుని కట్టాడు. తలాపు చెక్క గుమ్మం కంటే వెడల్పు. ఈ సంగతి నాన్నకి ఆఖరి మేకు కొట్టాక తెలిసింది. అప్పుడాయన ఏమన్నాడో నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు పక్కనే ఉన్నావు, అమ్మ నీ చెవులు మూసింది.

పైగా వంటగదిలో కుందేళ్ళున్నాయి. చలికాలంలో లోపల పెట్టాను, ఇప్పుడు బయటికి పొమ్మంటే పోవడం లేదు. ఇల్లు వాటిదే అనుకుంటున్నాయి.

తూర్పు వైపు రాతి గట్టు వానకి కూలింది. మన తాతగారి పాత గానుగలో ఉంటున్నారే, దక్షిణాదినుంచి వచ్చిన కలాబ్రియా వాళ్ళు, ఆ కోజిమో, నేనూ కలిసి మళ్ళీ పేర్చాం. వాడికి రాయి చేతికిస్తే చాలు, అదెక్కడ కూర్చోవాలో వాడికి తెలుసు. వాడి పెళ్ళాం ఫోర్తునాతా పిల్లలు ఐదుగుర్నీ వెంటేసుకొచ్చి మాకు అన్నం పెట్టింది.

ఇంకోటి. నీకు జవాబు ఆలస్యమైందంటే నా తప్పు కాదు. మన గంటస్తంభానికి మూడు వైపులే గడియారం ముఖాలున్నాయి. రొక్కనేర వైపు గోడ నున్నగా వదిలేశారు, వాళ్ళకి ఊరికే టైం చెప్పడం ఎందుకని. నేను ఆ వైపు పడుకుంటాను కదా. నాకు టైం తెలీదు.

ఆంపేలియో

*

విల్లార్ద, జూన్ 11

అన్నయ్యకి,

గుమ్మంలోంచి రాకపోతే విప్పు. మేకులు కొట్టినవే, కొండలు కావు. కుందేళ్ళని కూర వండుకో.

గానుగలో ఎవరుంటున్నారో, ఎవరు నీకు అన్నం పెట్టారో నాకు అక్కర్లేదు. నేను మనుషుల లెక్క గురించి మాట్లాడుతున్నాను.

నేను చేతులు ముడుచుకు కూర్చోలేదని తెలుసుకో. మార్సేయ్‌లో ఉన్న మనవాళ్ళకి ఎనిమిది ఉత్తరాలు రాశాను. ఏడుగురు జవాబివ్వలేదు. ఎనిమిదో వాడు తన దగ్గర పాత ఫ్రిజ్ ఉంది కొంటావా అని రాశాడు. మన మేయరు పళ్ళ డాక్టరు కదా, కింద ఒడ్డున ఒనేల్యాలో ఉంటాడు, ఆదివారం వచ్చి సంతకాలు పెట్టి పోతాడు. "మీరైనా ఊళ్ళో పడుకోండి మేయరుగారూ" అన్నాను. "పడుకుందును, కాని ఇక్కడ పరుపులు బాగుండవు" అన్నాడు. తెక్లా పిన్నికి తొంభై నాలుగు నిండాయి. అక్టోబరు దాకా ఆగమని బతిమాలాను. ఆలోచించి చెప్తానంది.

ఊరి కోసం తొంభై నాలుగేళ్ళ మనిషి ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. నిన్నడిగింది ఒక మంచం.

కొలొంబా

*

మిట్ట ఇల్లు, జూలై 4

చెల్లీ,

వంటగదిలో మంచం వేస్తే పొగ. నాకు పొగ పడదు. పొగ గొట్టం బాగుచేద్దామంటే అందులో పక్షి గూడు పెట్టింది. అందులో పిల్లలున్నాయి. నీ జనాభా లెక్కకి అవీ పనికిరావని తెలుసు.

నాలుగు రోజులు జ్వరం పడ్డాను. ఫోర్తునాతా సూపు పట్టుకొచ్చింది. వాళ్ళ ఊరి అలవాటు, ఎర్ర మిరపకాయలు దండ గుచ్చి గానుగ గుమ్మానికి వేలాడదీసింది, ఆ దండలోంచి సగం నా సూపులో పడ్డాయి. మొదటి గరిటెకి కళ్ళ నీళ్ళు, రెండో గరిటెకి చెమట, మూడో గరిటెకి జ్వరం పోయింది. "ఏం బాబాయ్, మీ వాళ్ళు మిరపకాయ కూడా తినకుండా ఇన్నేళ్ళెలా బతికారు?" అంది. బతకడం లేదు తల్లీ, తొంభై తొమ్మిదికి వచ్చాం అన్నాను. దానికి అర్థం కాలేదు.

ఒకటి అడుగుతాను. నీ రెండు ఉత్తరాల్లోనూ మంచం అన్న మాట ఉంది. ఆ మంచం మీద నాతో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి పేరు లేదు. బెన్వెనూతా అని రాయడానికి సిరా ఎక్కువ ఖర్చవదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి నీ నోట "వదిన" అన్న మాట వినలేదు. రొక్కనేర పిల్లని చేసుకున్నానని అమ్మ ఏడాది మాట్లాడలేదు. నువ్వు అమ్మని మించిపోయావు.

ఆంపేలియో

*

విల్లార్ద, ఆగస్టు 19

అన్నయ్యకి,

పేరు రాయలేదని అలిగావు. ఆ రొక్కనేర మనిషి నిన్ను ఎత్తుకెళ్ళి కొండ అవతల పడుకోబెట్టింది. ఆవిడకి నేనేం పేరు పెట్టను?

నిన్నగాక మొన్న సాన్ రోక్కో పండగకి వాళ్ళ మేయరు నన్ను పిలిచాడు. గొడవెందుకని వాళ్ళ సరిహద్దు రాయి దాకా వెళ్ళాను, దాటలేదు. అక్కడికే కుర్చీ తెప్పించాడు, వైను పోశాడు. ఎంతో మర్యాద. తరవాత కొత్త బోర్డు నమూనా చూపించాడు. పైన పెద్దక్షరాలతో "రొక్కనేర". కింద బ్రాకెట్లలో చిన్నక్షరాలతో "విల్లార్ద".

"చిన్నక్షరాలైనా ఉంచాం కదమ్మా" అన్నాడు. "రంగు మీరే ఎంచుకోండి, నీలమా, పచ్చా?"

వైను తాగకుండా వచ్చేశాను. దారిలో చెస్ట్‌నట్ తోటలో కూర్చుని ఏడ్చాను. ఇది నీకు రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను. నీకు ఆ మిట్ట ఉంది, చెట్లున్నాయి, ఏదో ఒక జ్ఞాపకం ఉంది. నేను పెళ్ళి చేసుకోలేదు. నాకున్నది ఆ కిటికీ, విల్లార్ద అని చెక్కిన ఆ రబ్బరు ముద్ర. ప్రతి శనివారం దాన్ని స్పిరిట్‌తో తుడుస్తాను. దాన్ని రొక్కనేర వాళ్ళ చేతుల్లో పెట్టి రమ్మంటావా?

పొగ, కుందేళ్ళు, పక్షులు. నీకు ఇష్టం లేదు, అంతే. ఎందుకో చెప్పు. అబద్ధాలు చెప్పడం నీకు చిన్నప్పట్నుంచీ చేతకాదు.

కొలొంబా

*

మిట్ట ఇల్లు, సెప్టెంబరు 12

కొలొంబా,

చెప్తాను. ఒక్కసారే చెప్తాను.

పెళ్ళికి ముందు బెన్వెనూతా ఈ ఇల్లు చూడ్డానికి వచ్చింది. వంటగది చూసింది, పడకగది చూసింది, దూలం చూసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని అంది: "నీ ఊళ్ళో వండుతాను. నీ ఊళ్ళో కడుగుతాను. మీ అమ్మ చేత తిట్లూ అక్కడే తింటాను. పడుకోవడం మాత్రం నా ఊళ్ళో. ఆ మంచం ఆ గోడ దాటిందా, మర్నాడు నేనుండను." నేను తలాపు చెక్క మీద చెయ్యేసి మాటిచ్చాను. వయసులో ఉన్నాను, ఏ చెక్క మీద చెయ్యేయమన్నా వేసేవాణ్ణి.

తరవాత అది వేళాకోళమైపోయింది అనుకుంటావేమో. లేదు. ఆవిడ ఆఖరి చలికాలం నీకు తెలీదు. పడకగది ఉత్తరం వైపు, గోడలు చెమ్మ. రాత్రంతా దగ్గేది. మంచం పొయ్యి పక్కకి జరుపుతానే అన్నాను. కళ్ళు మూసుకునే "మాటిచ్చావు" అంది. సరే అని పొయ్యిలో ఇటుకలు కాల్చి, గుడ్డలో చుట్టి, గోడకి ఆ పక్కనుంచి ఈ పక్కకి మోశాను. ఆ చలికాలం అంతా విల్లార్ద నిప్పుతో రొక్కనేర మంచం వెచ్చబెట్టాను.

మనిషి ఉన్నప్పుడు నిలబెట్టిన మాట మనిషి పోయాక తప్పితే అది మాటేనా? అడగడానికి ఆవిడ లేదు, సరే అనడానికీ లేదు. అదీ సంగతి. వంటగదిలో పొగ రాదు. పక్షులు ఎప్పుడో ఎగిరిపోయాయి. కుందేళ్ళు మాత్రం నిజం.

అన్నయ్య

*

విల్లార్ద, సెప్టెంబరు 25

అన్నయ్యకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ఇక మంచం అడగను. మాట సంగతి నాకు తెలీదు, నా దగ్గర ఎవరూ ఏ మాటా పుచ్చుకోలేదు. కాని మాటన్నది అలాగే ఉంటుందని విన్నాను.

బోర్డుకి పచ్చ రంగు అని రాసి పంపాను. నీలం అయితే దూరంనుంచి బాగా కనపడుతుంది, అందుకని.

ఆ గది ఉత్తరం వైపని రాశావు. ఊలు మేజోళ్ళు రెండు జతలు జిరొమిన్‌కిచ్చాను. రొట్టె కింద ఉంటాయి, వెతుక్కో.

కొలొంబా

*

మిట్ట ఇల్లు, అక్టోబరు 9

చెల్లీ,

మేజోళ్ళు సరిపోయాయి. వాటి వల్లే ఇదంతా జరిగింది.

నువ్వు తిడుతున్నంతకాలం నాకు హాయిగానే ఉంది. తిట్టడం మానేసి మేజోళ్ళు పంపేసరికి నిద్ర పట్టలేదు. పోయినవాళ్ళకిచ్చిన మాట ఒకటి, బతికున్న చెల్లెలి ఏడుపొకటి. మూడు రోజులు ఆలోచించి, బెన్వెనూతా ఫొటో గోడ వైపు తిప్పి, మంచం విప్పడానికి కోజిమోని పిలిచాను.

వాడు వచ్చాడు. వెనకే ఫోర్తునాతా, చంకలో చంటిదాన్నెత్తుకుని. తలాపు చెక్క లేపుతుండగా నేను మధ్యలో వదిలేశాను. "ఏమైంది బాబాయ్?" అన్నాడు. చెప్పాను, మాట సంగతి, దూలం సంగతి, తొంభై తొమ్మిది సంగతి. మీ పిన్ని ఒక్క రాత్రి కూడా విల్లార్ద గడ్డ మీద పడుకోలేదురా, ఇప్పుడు ఆవిడ మంచాన్ని లాక్కెళ్తున్నాను అన్నాను.

ఫోర్తునాతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఏడుపనుకున్నాను. నవ్వు.

"పడుకోకపోవడమేంటి బాబాయ్? మా గానుగలో పడుకుంది కదా! నా పక్కనే! గురక కూడా పెట్టింది!"

రెండేళ్ళ కిందట నేను హెర్నియా ఆపరేషన్‌కని ఒనేల్యా ఆసుపత్రిలో ఉన్నానే, అప్పుడు. ఫోర్తునాతాకి నొప్పులొచ్చాయట. మంచు కురుస్తోంది, కిందికి దిగే దారి లేదు. బెన్వెనూతా లాంతరు పట్టుకుని గానుగకి దిగింది. పురుడు పోసింది. బాలింతని వదిలి వెళ్ళలేక ఆ రాత్రి అక్కడే పడుకుంది. గానుగ మన వాగు ఒడ్డున ఉంది చెల్లీ. అది అచ్చంగా విల్లార్ద.

పొద్దున్నే వెళ్తూ ఫోర్తునాతా చెవి పట్టుకుందట. "ఇది ఆయనకి చెప్పావంటే చూడు. నలభై ఏళ్ళుగా కాపాడుకొస్తున్న పరువు నాది."

ఆ తరవాతి చలికాలమే నాతో "మాటిచ్చావు" అంది, కళ్ళు మూసుకుని. తను దాటేసింది కాబట్టే కళ్ళు తెరవలేదని ఇప్పుడు తెలిసింది. నేను విప్పిన మంచం మీదే కూర్చుండిపోయాను. ఎంతసేపు నవ్వానో, ఎప్పుడు ఏడ్చానో చెప్పలేను. కోజిమో మర్యాదస్తుడు, మేకులు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

అసలు సంగతి తరవాత వచ్చింది. వాడు మేకులు కింద పెట్టి మెల్లిగా అన్నాడు: "మీ చెల్లెలుగారికి కావలసింది ఒక్కరా?"

"ఒక్కరే."

"మేం ఏడుగురం."

కొలొంబా, వాళ్ళు గానుగలోకి వచ్చి నాలుగు చలికాలాలు. మే నుంచీ ప్రతి ఉత్తరంలోనూ నేను నీకు వాళ్ళ గురించే రాస్తున్నాను. గట్టు కట్టారు, సూపు పోశారు, పిల్లలు ఐదుగురు అని కూడా రాశాను. నువ్వు చదివావు. మన ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారే, అది నా కళ్ళ ముందే, నిజంగా ఒక చంకలోనే ఉంది, నా మేకొకటి నోట్లో పెట్టుకోబోతోంది. నిన్ననడానికి లేదు. నేనూ ఆ ఊరివాణ్ణే కదా.

కోజిమో మొదటి ఏడే నీ కిటికీ దగ్గరికి వచ్చాడట, ఊళ్ళో పేర్లు రాయించుకుందామని. నువ్వు తలెత్తకుండా "గానుగ ఇల్లు కాదు" అన్నావట. చంటిది పుట్టాక మళ్ళీ వచ్చాడట. "అదే గానుగా?" అన్నావట. అందుకని ఆ పిల్ల రెండేళ్ళుగా కాగితం మీద ఇంకా పుట్టలేదు.

నేను రాయించమన్నాను. ఫోర్తునాతా ఒప్పుకోలేదు. "ఆ అమ్మగారు మా గుమ్మంలోకి వచ్చి అడిగితే చూస్తాను" అంది. నాకు తప్పనిపించలేదు. మోకాళ్ళకి గుడ్డ కట్టుకుని బయల్దేరు. లెక్కకి రెండు వారాలే ఉంది.

మంచం ప్రస్తుతం ముక్కలుగా గోడకి ఆనించి ఉంది. నేను గుమ్మంలో గడ్డి పరుచుకుని పడుకుంటున్నాను. తల రొక్కనేరలో, కాళ్ళు విల్లార్దలో. చట్టం ఏమంటుందో కాస్త చూసి చెప్పు.

అన్నయ్య

*

విల్లార్ద, అక్టోబరు 22

అన్నయ్యకి,

చట్టం తల గురించి గానీ కాళ్ళ గురించి గానీ ఏమీ అనలేదు. వెతికాను.

ఎక్కాను. జిరొమిన్ గాడిద మీద సగం, నా కాళ్ళ మీద సగం. గాడిద నాకంటే ఎక్కువ మూలిగింది. నీ ఇంటి వైపు రాలేదు. ముందు ఆ పని కావాలి, లేకపోతే నీతో పోట్లాడుతూ సాయంత్రం చేసేస్తాను.

గానుగ తలుపు కొట్టాను. ఫోర్తునాతా తీసింది. ఆవిడ వెనకాల నలుగురు పిల్లలు వరసగా నిలబడ్డారు.

"ఎవరు కావాలండీ?"

"పేర్లు రాసుకోవడానికి వచ్చానమ్మా."

"ఈ పూట ఆలస్యమైపోయింది. రేపు రండి."

ఆ మాట చెప్పడంలో ఆవిడ గొంతు పెంచలేదు, ముఖం తిప్పలేదు. నేను కిటికీలోంచి చెప్పినట్టే చెప్పింది, అచ్చం అలాగే. ఆ మాట అవతలి వైపునుంచి ఎలా వినపడుతుందో నాకిప్పుడు తెలిసింది. కొండ దిగాను.

మర్నాడు మళ్ళీ ఎక్కాను. గాడిద రానంది.

ఈసారి ఆవిడ కుర్చీ వేసింది. కాఫీ ఇచ్చింది. తరవాత సూపు ఇచ్చింది. ఆ సూపు గురించి నువ్వు రాసింది చాలా తక్కువ. నేను ఏడుస్తున్నానని పిల్లలు పరిగెత్తి నీళ్ళు తెచ్చారు. కొంత మిరపకాయ వల్లనే.

గానుగ ఇల్లే. మంచాలు మూడు, పొయ్యి ఉంది, కిటికీకి తెర కూడా ఉంది. ఆ రాతి చక్రం మీద మేరీమాత బొమ్మ, పిల్లల పలకలు. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ లోపలికి తొంగి చూడలేదు. చూడని దానికి జవాబు మాత్రం రెండుసార్లు చెప్పాను. నేను తప్పు చేశానమ్మా అన్నాను ఆవిడతో. "రాసుకోండి అమ్మగారూ, సిరా ఆరిపోతోంది" అంది.

రాసుకున్నాను. కోజిమో, ఫోర్తునాతా, నలుగురు పెద్ద పిల్లలు. ఆరుగురయ్యారు. ఏడోది నా ఒళ్ళోకెక్కి కళ్ళద్దాలు లాక్కుంది. దీని పేరేంటమ్మా అన్నాను.

"బెన్వెనూతా."

కలం ఆగిపోయింది. నువ్వు ఉత్తరంలో ఆ పేరు రాయలేదు. కావాలనే రాయలేదు, నాకు తెలుసు.

"పురుడు పోసిన చేతుల పేరు పెట్టాం" అంది ఫోర్తునాతా. "ఆవిడే అంది, ఈ పిల్ల విల్లార్ద పిల్ల, మా ఊరిది కాదు, ఆ కిటికీ దగ్గర నా ఆడపడుచు ఉంటుంది, ఒకరోజు రాయించండి, నా పేరు విని ఆవిడ మొహం ఎలా మారుతుందో చూసి నాకు చెప్పండి అని. చెప్పడానికి ఆవిడ లేకపోయింది."

నా మొహం ఎలా మారిందో నేను చూసుకోలేదు. ఫోర్తునాతా చూసింది. ఇంకో కాఫీ పెట్టింది.

బెన్వెనూతా, ఆడపిల్ల, రెండేళ్ళు, పుట్టిన ఊరు విల్లార్ద. నా చేత్తో రాశాను. ఆలస్యానికి పైకి వేరే అర్జీ పెట్టుకోవాలట, పెట్టాను. తొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో బిడ్డ పుట్టలేదని నీకు రాశాను కదా. తప్పు. పుట్టింది. మా వదిన చేతుల్లో పుట్టింది.

మొత్తం నూట ఆరు. రొక్కనేర మేయరుకి కబురు పంపాను, పచ్చ రంగు అక్కర్లేదని. తెక్లా పిన్నికి ఇక ఆగక్కర్లేదని చెప్పాను. వచ్చిన దారినే పొమ్మంది, సూపు సంగతి విని ఆవిడకి ఆకలేస్తోందట.

నీ మంచం ఎక్కడిదక్కడ బిగించుకో. నీ తలా నీ కాళ్ళూ నాకు అవసరం లేదు.

ఒక సంగతి అడుగుతాను, నవ్వకు. నవంబరు రెండు పెద్దల రోజు. వదిన సమాధికి పూలు పెట్టాలి. రొక్కనేర శ్మశానానికి దారెటు? వాళ్ళ సరిహద్దు రాయి నేనెప్పుడూ దాటలేదు.

కొలొంబా

*

మిట్ట ఇల్లు, అక్టోబరు 27

చెల్లీ,

లెక్కల మనిషి వచ్చి వెళ్ళాడు. మంచం ఎక్కడుందని అడిగాడు. చూపించాను. కోజిమో, నేనూ పాత చోటే బిగించాం, రెండు మేకులు మిగిలాయి, అవెక్కడివో ఇద్దరికీ తెలీదు. పడుకుంటే కాస్త ఊగుతోంది.

నీ ఉత్తరం బెన్వెనూతా ఫొటో ముందు పైకి చదివాను. "మా వదిన" అన్నచోట ఆగి రెండోసారి చదివాను. తను ఏమీ అనలేదు. గెలిచినప్పుడు ఎప్పుడూ ఏమీ అనేది కాదు.

దారి అడిగావు. సులువే. మా వంటగదిలోంచి పడకగదిలోకి వచ్చి, వెనక తలుపు తీసి దిగడమే. ఇంకో దారుంది గానీ అది చుట్టు.

పొద్దున్నే ఎక్కి మళ్ళీ అటు దిగాలంటే నీ మోకాళ్ళు ఊరుకోవు. ఒకటో తారీఖు సాయంత్రమే వచ్చెయ్యి. నేను కుందేళ్ళతో వంటగదిలో పడుకుంటాను, మంచం నువ్వు తీసుకో. ఇటుకలు కాల్చి పెడతాను. ఒక్క రాత్రి రొక్కనేరలో పడుకుంటే ఏమీ అయిపోదు, లెక్క ఎలాగూ ముగిసింది.

మీ వదినా ఒక రాత్రి మీ ఊళ్ళో పడుకుంది కదా.

అన్నయ్య